సీనేమ్ రికార్డు: పేరు మనది, వెనక నడిపేది ఇంకొకరు

సొంత డొమైన్ కొని సైటును ఇంకెక్కడో హోస్ట్ చేసుకునే ప్రతివాళ్లకూ ఏదో ఒక రోజు ఈ మాట ఎదురవుతుంది: "మీ డీఎన్ఎస్‌లో ఒక సీనేమ్ రికార్డు పెట్టండి." డీఎన్ఎస్ అంటే ఏ సైటు పేరు ఏ సర్వర్‌దో చెప్పే ఇంటర్నెట్ చిట్టా, అందులోని ఒక్కో లైను ఒక్కో రికార్డు. రెండు గడులు నింపి సేవ్ నొక్కితే పని అయిపోతుంది, కాసేపటికి సైటు తెరుచుకుంటుంది, ఇక ఆ రికార్డు వైపు ఎవరూ చూడరు. చూడాలి. ఎందుకంటే మన పేరు మీద జనానికి ఏం కనపడాలో తేల్చే అధికారం ఆ ఒక్క లైనుతో ఇంకొకరి చేతికి వెళ్లింది, దానికి గడువంటూ లేదు, మనం వెళ్లి తీసేసేదాకా అది అలాగే ఉంటుంది. సీనేమ్ వల్ల వచ్చే సుఖం, దానివల్ల జరిగే నష్టం రెండూ ఈ ఒక్క లక్షణంలోంచే పుట్టుకొస్తాయి.

ముందు అది చేసే పనేమిటో చూద్దాం. "ఏ" (ఇంగ్లిష్ అక్షరం A) రికార్డు ఒక పేరుకు ఐపీవీ4 అడ్రసు, అంటే సర్వర్‌ను గుర్తించే పాత తరం అంకెల అడ్రసు చెబుతుంది, నాలుగు ఏల (AAAA) రికార్డు కొత్త తరం ఐపీవీ6 అడ్రసు చెబుతుంది. సీనేమ్ అడ్రసు చెప్పదు, "ఈ పేరు గురించి నన్ను అడక్కండి, ఫలానా పేరును అడగండి" అంటుంది. అప్పుడు రిజాల్వర్ (పేర్లకు అడ్రసులు వెతికిపెట్టే సర్వర్, మన ఇంటర్నెట్ కంపెనీది కావచ్చు, గూగుల్ వారి 8.8.8.8 కావచ్చు) ఆ రెండో పేరు పట్టుకుని మళ్లీ వెతికి, చివరికి దొరికిన ఐపీ అడ్రసును తెచ్చి ఇస్తుంది. ఆ రెండో పేరు కూడా సీనేమే అయితే మూడో పేరు, అది కూడా అయితే నాలుగోది.

దీన్ని రీడైరెక్ట్ అనుకుని పొరబడేవాళ్లు చాలామంది. రీడైరెక్ట్ అయితే సర్వరే బ్రౌజర్‌తో "అక్కడికి వెళ్లు" అని చెబుతుంది, అడ్రస్ బార్‌లో పేరు మారిపోతుంది. సీనేమ్ విషయంలో పేరు మారదు, ఎందుకంటే మధ్యలో ఇంకో పేరు ఉందన్న సంగతిని బ్రౌజర్ పట్టించుకోదు. దానికి కావలసింది ఐపీ అడ్రసు, అది దొరికింది. ఆ సర్వర్ దగ్గరకు వెళ్లి మీరు టైప్ చేసిన పాత పేరుతోనే "బ్లాగ్.ఎగ్జాంపుల్.కామ్ పేజీ ఇవ్వు" అని అడుగుతుంది, అదే పేరు మీద సర్టిఫికెట్ (ఆ సైటు నిజంగా ఆ పేరుదేనని చెప్పే డిజిటల్ రుజువు) చూపించమంటుంది. అవతలి సర్వర్ మీద వేల సైట్లు ఉంటాయి, వాటిలో ఇది ఎవరి సైటో దానికి ముందే చెప్పి ఉండాలి. అందుకే సీనేమ్ పెట్టడం సగం పని మాత్రమే, హోస్టింగ్ అకౌంట్‌లోకి వెళ్లి "ఈ డొమైన్ నాది, ఈ సైటుకు తగిలించండి" అని చెప్పడం మిగతా సగం. డీఎన్ఎస్ అంతా సరిగ్గా ఉన్నా 404 పేజీయో సర్టిఫికెట్ హెచ్చరికో వస్తోందంటే చాలాసార్లు ఈ రెండో సగమే మర్చిపోయి ఉంటారు.

బ్లాగ్‌స్పాట్‌లో తెలుగు బ్లాగు నడుపుతూ దానికి సొంత డొమైన్ పెట్టుకున్నవాళ్లు ఇదంతా చేసినవాళ్లే. బ్లాగర్‌లో సొంత డొమైన్ ఉన్న బ్లాగులన్నీ, అవి ఏ భాషవైనా ఏ దేశానివైనా, జీహెచ్ఎస్.గూగుల్.కామ్ అనే ఒకే పేరుకు సీనేమ్ పెట్టుకుంటాయి. అందరూ ఒకే చోటికి పాయింట్ చేస్తే ఎవరి బ్లాగు ఎవరికి వస్తుందన్న అనుమానం ఎవరికైనా రావాల్సిందే. బ్రౌజర్ అడిగే పేరును బట్టి గూగుల్ సర్వర్ తేల్చుకుంటుంది, డీఎన్ఎస్‌కు అందులో పాత్రే లేదు. బ్లాగర్ ఇంకో సీనేమ్ కూడా పెట్టమంటుంది, అర్థంపర్థం లేని అక్షరాలతో ఉంటుంది అది. డొమైన్ నిజంగా మీదేనని రుజువు చేసుకోవడానికి ఆ రెండోది. దాని విలువ ఏమిటో కింద చూస్తారు.

ఇంకో ప్రశ్న తరచూ వస్తుంటుంది: ఎగ్జాంపుల్.కామ్ ఒక చోట పెట్టి, దాని వెనక స్లాష్ బ్లాగ్ అన్నది మాత్రం ఇంకో హోస్టింగ్‌కు సీనేమ్ పెట్టొచ్చా అని. కుదరదు. స్లాష్ తర్వాత ఉన్నదేదీ డీఎన్ఎస్‌కు తెలియదు. పేరు వరకే దాని లోకం. బ్లాగ్.ఎగ్జాంపుల్.కామ్ లాంటి సబ్‌డొమైన్ తీసుకోవాలి, లేదంటే సైటు ముందు రివర్స్ ప్రాక్సీ (అడిగిన పేజీని బట్టి వేరే సర్వర్‌కు మళ్లించే సర్వర్) పెట్టుకోవాలి. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ తీసుకున్నవాళ్లకూ ఇలాంటిదే ఒకటి ఎదురవుతుంది. తెలుగు పేరును ఇంగ్లిష్ పేరుకు సీనేమ్ పెట్టినంత మాత్రాన సరిపోదు, ఆ తెలుగు పేరు సర్వర్‌కూ తెలిసి ఉండాలి, సర్టిఫికెట్‌లోనూ ఉండాలి. పైగా కొన్ని ప్యానెళ్లు తెలుగు అక్షరాలను నేరుగా తీసుకోవు కాబట్టి పేరును ప్యూనీకోడ్ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో రాసే) రూపంలోకి మార్చి ఇవ్వాలి.

ఎందుకు పుట్టింది, ఎక్కడికి చేరింది

డీఎన్ఎస్‌ను పాల్ మోకపెట్రిస్ 1983లో రూపొందించారు. ఇవాళ్టికీ పునాదిగా ఉన్న పత్రాలు, అంటే ఆర్ఎఫ్‌సీ 1034, 1035, 1987 నవంబరులో వచ్చాయి. సీనేమ్ గురించి 1034లో ఇచ్చిన ఉదాహరణ చూస్తే దాని తొలి ఉద్దేశం తెలిసిపోతుంది: యూఎస్‌సీ-ఐఎస్ఐసీ.ఆర్పా అనే పాత పేరును సీ.ఐఎస్ఐ.ఈడీయూ అనే కొత్త పేరుకు కలిపారు. రెండూ ఒకే కంప్యూటర్ పేర్లు, ఒకే సంస్థవి. కంప్యూటర్ పేరు మారినా పాత పేరుతో అడిగేవాళ్లకు ఇబ్బంది కలగకూడదన్నదే అప్పటి అవసరం. పాత పేరూ కొత్త పేరూ ఒకే ఇంటివాళ్ల చేతిలో ఉన్నప్పుడు నమ్మకం అనే ప్రశ్నే రాదు కదా. ఆ తర్వాత వెబ్ హోస్టింగ్ వచ్చింది, 1998లో అకమాయ్ అనే సీడీఎన్ కంపెనీ మొదలైంది, సీడీఎన్‌లు (సైటు కాపీలను పలుచోట్ల ఉంచి దగ్గర్లోంచి అందించే సేవలు) పెరిగాయి, క్లౌడ్ వచ్చింది, అంతటితో సీనేమ్ బాణం గుర్తు మన ఇంట్లోంచి బయటివాళ్ల ఇంట్లోకి వెళ్లడం మామూలైపోయింది. అప్పటి రికార్డే, ఒక్క అక్షరం మారలేదు. దాని మీద మోపిన బరువు మాత్రం పూర్తిగా వేరు.

ఆ బరువు మోయడంలో సీనేమ్ ఎంత బాగా పనిచేస్తుందో చెప్పడానికి గిట్‌హబ్ వారి సైటు హోస్టింగ్ సేవ గిట్‌హబ్ పేజెస్‌లో 2018లో జరిగింది మంచి ఉదాహరణ. ఆ ఏడాది మే 1న గిట్‌హబ్ సొంత డొమైన్లకు కూడా హెచ్‌టీటీపీఎస్ ఇస్తున్నట్టు ప్రకటించింది. సీనేమ్ పెట్టుకున్నవాళ్లు తమ డీఎన్ఎస్‌లో ఏమీ మార్చక్కర్లేదు. "ఏ" రికార్డులో పాత ఐపీ అడ్రసులను నేరుగా రాసుకున్నవాళ్లు మాత్రం తమ డీఎన్ఎస్‌లోకి వెళ్లి 185.199.108.153 మొదలుకొని 185.199.111.153 వరకు నాలుగు కొత్త అడ్రసులు పెట్టుకోవాల్సి వచ్చింది. అడ్రసు మార్చాల్సింది సర్వర్ నడిపేవాళ్లు, మార్చినట్టు ఎక్కడెక్కడో ఉన్న డొమైన్ల యజమానులందరికీ చెప్పి ఒప్పించడం జరిగే పనికాదు. సీనేమ్ ఉంటే తమ పేరు వెనక ఉన్న అడ్రసును తామే మార్చుకుంటారు, మనకు తెలియను కూడా తెలియదు.

సీడీఎన్ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. ఒక తెలుగు వార్తల సైటును హైదరాబాద్‌లో చదువుతారు, డాలస్‌లో చదువుతారు, దుబాయ్‌లో చదువుతారు. ముగ్గురికీ ఒకే అడ్రసు ఇస్తే ఇద్దరికి నెమ్మదిగా వస్తుంది. సీనేమ్ సీడీఎన్ పేరుకు చూపిస్తుంటే, అడిగిన రిజాల్వర్ ఎక్కడుందో చూసి ఆ దగ్గర్లోని సర్వర్ అడ్రసును సీడీఎన్ ఇవ్వగలదు, ఏదైనా సర్వర్ పడిపోతే సెకన్లలో వేరేదానికి మళ్లించగలదు. అలా వేగంగా మళ్లించడానికే సీడీఎన్‌లు తమ చివరి రికార్డులకు చాలా తక్కువ టీటీఎల్ (జవాబును రిజాల్వర్లు దాచుకోగల గడువు, సెకన్లలో) పెట్టుకుంటాయి.

టీటీఎల్ మాట వచ్చింది కాబట్టి ఒక అపోహ ఇక్కడే తీర్చుకోవాలి. రికార్డు మార్చగానే "ప్రాపగేషన్‌కు 48 గంటలు పడుతుంది, ఆగండి" అంటారు, ఆ మాట విని టెన్షన్ పడుతూ కూర్చుంటారు. మన రికార్డు ఎక్కడికీ ప్రయాణం చేయదు. పాత జవాబును దాచుకున్న రిజాల్వర్ల దగ్గర దాని గడువు తీరాలి, అంతే. టీటీఎల్ 3600 అని ఉంటే గంట, 300 అని ఉంటే 5 నిమిషాలు. మార్పు చేయబోయే ముందు రోజే టీటీఎల్ తగ్గించి పెట్టుకుంటే మార్పు రోజు హాయిగా ఉంటుంది. ఇక్కడ ఇంకో మెలిక ఉంది, చాలామందిని తిప్పలు పెట్టేది ఇదే: రికార్డు పెట్టకముందే ఆత్రంగా సైటు తెరిచి చూస్తే "అలాంటి పేరే లేదు" అన్న జవాబును కూడా రిజాల్వర్ దాచుకుంటుంది. ఎంతసేపు దాచాలో 1998లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 2308 ప్రకారం డొమైన్ ప్రాథమిక వివరాలుండే ఎస్ఓఏ రికార్డు చెబుతుంది. కాబట్టి ముందు రికార్డు పెట్టి, ఆ తర్వాతే బ్రౌజర్ తెరవాలి.

జోన్ ఫైలును (ఒక డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైలు) చేత్తో రాసేవాళ్లు పేరు చివర చుక్క మరవకూడదన్నది పాత పాఠమే అయినా ఇప్పటికీ దెబ్బతీస్తుంది. చుక్క లేకపోతే మన డొమైన్ పేరు దాని వెనక తగులుకుని ఎక్కడా లేని పేరు ఒకటి తయారవుతుంది. వెబ్ ప్యానెళ్లలో చాలావరకు ఆ చుక్కను అవే పెట్టుకుంటాయి.

రూట్ డొమైన్ దగ్గర గోడ

సీనేమ్‌కు ఒక గట్టి నియమం ఉంది. ఏ పేరు మీద సీనేమ్ ఉందో ఆ పేరు మీద ఇంకే రికార్డూ ఉండకూడదు. డీఎన్ఎస్‌సెక్ (రికార్డులు అసలైనవేనని రుజువు చేసే పద్ధతి) సంతకాల లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్ప. ఆర్ఎఫ్‌సీ 1034 దీనికి కారణం కూడా చెప్పింది: మారుపేరు దగ్గర ఒక సమాచారం, అసలు పేరు దగ్గర ఇంకో సమాచారం ఉంటే ఏది నిజమో తేలదు. సబ్‌డొమైన్ల మీద ఈ నియమం పెద్దగా బాధించదు. కానీ ఎగ్జాంపుల్.కామ్ లాంటి రూట్ డొమైన్ మీద ఎస్ఓఏ, ఎన్ఎస్ (ఆ డొమైన్ డీఎన్ఎస్ సర్వర్లేవో చెప్పేవి) రికార్డులు తప్పనిసరిగా ఉండాలి, అవి లేకపోతే డొమైనే లేదు. కాబట్టి అక్కడ సీనేమ్‌కు చోటు లేదు. చాలామందికి డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు అన్నది పాతకాలపు తోకలా అనిపిస్తుంది, తీసేద్దామనుకుంటారు, తీసేశాక ఈ గోడకు తగులుకుంటారు.

నియమాన్ని కాదని పెడితే ఏమవుతుంది? బైండ్ లాంటి డీఎన్ఎస్ సర్వర్ ఆ జోన్‌ను లోడ్ చేయనే చేయదు. కొన్ని ప్యానెళ్లు మాత్రం ఏమీ అనకుండా పెట్టనిస్తాయి, నిజానికి అదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే సైటు బాగానే తెరుచుకుంటుంది, మెయిల్ చెడుతుంది. ఆ డొమైన్‌కు మెయిల్ పంపుతున్న సర్వర్ మెయిల్ ఎక్కడికి పంపాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు అడుగుతుంది, దాని రిజాల్వర్ దగ్గర అప్పటికే సీనేమ్ దాచి ఉంటే ఎంఎక్స్ కోసం కూడా అవతలి పేరు దగ్గరకే వెళుతుంది, అక్కడ వెబ్ హోస్టింగ్ తప్ప మెయిల్ ఏర్పాటు ఉండదు. దాచి లేకపోతే మెయిల్ మామూలుగా వస్తుంది. అంటే కొందరి మెయిల్ వస్తుంది, కొందరిది రాదు, నిన్న వచ్చినవాళ్లది ఇవాళ రాదు. ఇంత చిరాకు పెట్టే లోపం ఇంకోటి ఉండదు, పైగా సైటు చక్కగా ఉంది కాబట్టి ఎవరూ డీఎన్ఎస్‌ను అనుమానించరు. ఎంఎక్స్ గురించి ఇంకో చిన్న నియమం కూడా గుర్తుంచుకోవాలి: ఎంఎక్స్, ఎన్ఎస్ రికార్డులు చూపించే పేరు తానే ఒక సీనేమ్ అయి ఉండకూడదని 1997లో ఆర్ఎఫ్‌సీ 2181 స్పష్టంగా చెప్పింది.

ఈ గోడ దాటడానికి డీఎన్ఎస్ కంపెనీలు తలా ఒక దారి తొక్కాయి. కొందరు అలియాస్ అన్నారు, కొందరు ఏనేమ్ అన్నారు, క్లౌడ్‌ఫ్లేర్ సీనేమ్ ఫ్లాటెనింగ్ అంది. పేర్లు ఏవైనా లోపల జరిగేది ఒకటే: బయటివాళ్లు అడిగినప్పుడు డీఎన్ఎస్ సర్వరే ఆ అవతలి పేరును వెతికి, దొరికిన ఐపీ అడ్రసును మామూలు "ఏ" రికార్డులా చూపిస్తుంది. బయటికి సీనేమ్ కనపడదు కాబట్టి నియమం చెడదు, ఎంఎక్స్ పక్కనే బతుకుతుంది. అమెజాన్ రూట్ 53లో ఉన్న అలియాస్ దీనికి చుట్టమే గానీ పరిధి చిన్నది, అది అమెజాన్ సొంత సేవలకో అదే జోన్‌లోని ఇంకో రికార్డుకో మాత్రమే చూపిస్తుంది, ఎక్కడో ఉన్న ఏ పేరుకైనా పెట్టడం కుదరదు. అమెజాన్ సేవలకు చూపించే అలియాస్ ప్రశ్నలకు డబ్బు తీసుకోదు.

ఫ్లాటెనింగ్‌లో పోయేది ఒకటుంది. సీడీఎన్‌ను ఇప్పుడు అడుగుతున్నది చదివేవాళ్ల దగ్గరున్న రిజాల్వర్ కాదు, మన డీఎన్ఎస్ కంపెనీ సర్వర్. అది ఎక్కడుంటే ఆ దగ్గర్లోని అడ్రసు వస్తుంది. డీఎన్ఎస్ సర్వర్ వర్జీనియాలో కూర్చుని అడిగితే విజయవాడలో చదివేవాళ్లకు వర్జీనియా అడ్రసు అందే అవకాశం ఉంది. ప్రపంచమంతా సర్వర్లున్న పెద్ద కంపెనీల దగ్గర ఈ బాధ తక్కువ, చిన్నవాళ్ల దగ్గర ఎక్కువ. ఏనేమ్‌ను అందరికీ ఒకే ప్రమాణంగా చేద్దామని ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్‌లో కొన్నాళ్లు గట్టిగానే ప్రయత్నించారు గానీ ఆ ముసాయిదా ఆర్ఎఫ్‌సీ కాకుండానే ఆగిపోయింది. ఫలితంగా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి డీఎన్ఎస్ మార్చుకునేటప్పుడు మామూలు రికార్డులన్నీ వస్తాయి, ఈ అలియాస్ మాత్రం అలాగే రాదు, కొత్త చోట చేత్తో పెట్టుకోవాలి.

అసలైన పరిష్కారానికి దగ్గరగా ఉన్నది 2023 నవంబరులో ఆర్ఎఫ్‌సీ 9460గా వచ్చిన హెచ్‌టీటీపీఎస్ రికార్డు. దానికి అలియాస్ మోడ్ ఉంది, రూట్ డొమైన్ మీద మిగతా రికార్డుల పక్కనే కూర్చోగలదు, వెబ్‌కు మాత్రమే వర్తిస్తుంది కాబట్టి మెయిల్ జోలికి పోదు. అయితే బ్రౌజర్లన్నీ ఆ మోడ్‌ను పూర్తిగా పాటించేదాకా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోలేం. ఈలోపు చిన్న సైట్లకు పాత పద్ధతే నయం: డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు పేరుకు సీనేమ్, రూట్ డొమైన్ నుంచి దానికి ఒక రీడైరెక్ట్. చూడ్డానికి నాలుగు అక్షరాలు ఎక్కువైనా సీడీఎన్ సరిగ్గా పనిచేస్తుంది, డీఎన్ఎస్ కంపెనీ మారినా చెక్కుచెదరదు.

మర్చిపోయిన సీనేమ్

ఇప్పుడు అసలు విషయం. ఒక పండగ ఆఫర్ కోసం ఆఫర్.ఎగ్జాంపుల్.కామ్ అని పేరు పెట్టి ఏదో క్లౌడ్ సేవలో పేజీ కట్టారు, పండగ అయిపోయాక బిల్లు ఎందుకని ఆ సేవను మూసేశారు, డీఎన్ఎస్‌లో సీనేమ్ తీయలేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతూ గేటుకు మన పేరు బోర్డు వదిలేసినట్టే ఇది. ఆ ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు ఎవరైనా సరే, మన కోసం వచ్చినవాళ్లకు వాళ్లే తలుపు తీస్తారు. క్లౌడ్‌లో ఆ కొత్త మనిషి కావడానికి పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. ఉదాహరణకు అమెజాన్ వారి ఫైళ్లు దాచే సేవ ఎస్3లో సీనేమ్‌తో సైటు నడపాలంటే బకెట్ (ఫైళ్లు పెట్టుకునే చోటు) పేరు ఆ డొమైన్ పేరే అయి ఉండాలి. మీరు బకెట్ తొలగిస్తే ఆ పేరు ఖాళీ అవుతుంది, ఇంకొకరు తమ అకౌంట్‌లో అదే పేరుతో బకెట్ తెరిస్తే మీ సబ్‌డొమైన్ వాళ్ల పేజీని చూపిస్తుంది. హ్యాకింగ్ ఏమీ జరగలేదు, పాస్‌వర్డ్ పోలేదు, డీఎన్ఎస్ మీరు చెప్పినట్టే నడుచుకుంది.

పోనీలే ఒక పాత సబ్‌డొమైనే కదా అనుకోవడానికి లేదు. డొమైన్ మొత్తానికి వర్తించేలా పెట్టిన కుకీలు, లాగిన్ కుకీలతో సహా, ఆ సబ్‌డొమైన్‌కు కూడా వెళతాయి. అక్కడ కూర్చున్నవాళ్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ లాంటి చోట ఆ పేరుకు అసలైన సర్టిఫికెట్టే తెచ్చుకోగలరు, ఎందుకంటే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు అడిగేది "ఈ పేరు మీద నువ్వు ఒక ఫైలు పెట్టి చూపించగలవా" అని, వాళ్లు పెట్టి చూపిస్తారు. తాళం గుర్తుతో, మీ బ్రాండు పేరుతో నకిలీ లాగిన్ పేజీ సిద్ధం. డీఎన్ఎస్‌సెక్ ఉన్నా ఉపయోగం లేదు. ఆ సీనేమ్ మీరే సంతకం చేసిన నిజమైన రికార్డు, అవతల ఎవరున్నారో సంతకానికి తెలియదు.

ఈ ప్రమాదం గురించి 2014లోనే డిటెక్టిఫై అనే సంస్థ వివరంగా రాసింది. పదేళ్లకు, 2024 ఫిబ్రవరిలో, గార్డియో ల్యాబ్స్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన సంగతి చూస్తే ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎంఎస్ఎన్.కామ్ కింద మార్తాస్టీవర్ట్ అనే సబ్‌డొమైన్ ఒకటి 2001లో ఒక ప్రచారం కోసం పెట్టింది. దాని సీనేమ్ వేరే డొమైన్‌కు చూపిస్తోంది, ఆ డొమైన్‌ను తర్వాత ఎవరూ రెన్యూవల్ చేయలేదు. 20 ఏళ్లకు పైగా అలా పడి ఉండి 2022లో ఇంకెవరో కొనుక్కున్నారు. వాళ్లు అక్కడ నకిలీ సైటు పెట్టలేదు, అంతకంటే తెలివైన పని చేశారు. ఒక పేరు మీద సీనేమ్ ఉంటే వెబ్ అడ్రసు ఒక్కటే కాదు, ఆ పేరు గురించి ఏ రికార్డు అడిగినా జవాబు అవతలి నుంచే వస్తుంది, మామూలు వచనం రాసిపెట్టే టీఎక్స్‌టీ రికార్డు కూడా. మెయిల్ పంపే హక్కు ఎవరికుందో చెప్పే ఎస్‌పీఎఫ్ ఉండేది టీఎక్స్‌టీలోనే. వాళ్లు తమ డొమైన్ మీద ఎస్‌పీఎఫ్ రాసి వేల ఐపీ అడ్రసులకు అనుమతి ఇచ్చుకున్నారు, దాంతో ఆ సర్వర్ల నుంచి వెళ్లే స్పామ్ మెయిళ్లు ఎంఎస్ఎన్ సబ్‌డొమైన్ నుంచి వచ్చిన అసలు మెయిళ్లుగా పరీక్ష పాసయ్యాయి. ఇదొక్కటే కాదు, ఇలా 8,000కు పైగా డొమైన్లు, 13,000 సబ్‌డొమైన్లు ఆ స్పామ్‌లో వాడుకున్నారని గార్డియో చెప్పింది. 2001లో ఆ లైను రాసినవాళ్లు చేసిన తప్పేమీ లేదు, ఆ రోజుకు అది సరైన రికార్డే. తర్వాత దాని బాధ్యత ఎవరిదో ఎవరికీ అప్పగించలేదు.

2025 మేలో ఇన్‌ఫోబ్లాక్స్ సంస్థ హేజీ హాక్ అని పేరు పెట్టిన ముఠా గురించి చెప్పింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సబ్‌డొమైన్లు వాళ్ల చేతికి చిక్కినవాటిలో ఉన్నాయి, దారి అదే, వదిలేసిన క్లౌడ్ సేవలకు చూపిస్తున్న సీనేమ్‌లు. ప్రభుత్వ డొమైన్ అయితే సెర్చ్‌లో నమ్మకం ఎక్కువ, అందుకే మోసగాళ్లకు అలాంటి పేర్లంటే మోజు.

దీన్ని ఆపడానికి చేయాల్సింది కష్టమైన పనికాదు, వరుస మార్చడం. ముందు డీఎన్ఎస్‌లో సీనేమ్ తీసేయాలి, టీటీఎల్ గడిచేదాకా ఆగాలి, ఆ తర్వాతే హోస్టింగ్ మూయాలి. చాలా ఆఫీసుల్లో దీనికి తలకిందులుగా జరుగుతుంది, కారణం కూడా అర్థమయ్యేదే: బిల్లు వచ్చేది హోస్టింగ్‌కు, సీనేమ్‌కు కాదు. డబ్బు ఆపాలనుకునేవాళ్లు ఒక టీమ్, డీఎన్ఎస్ చూసేవాళ్లు ఇంకో టీమ్, మధ్యలో ఒక్క మెయిల్ వెళ్లదు. సైటు కట్టిచ్చిన ఫ్రీలాన్సర్ మారిపోయిన చిన్న వ్యాపారాల్లో అయితే ఆ డీఎన్ఎస్ ప్యానెల్ లాగిన్ ఎవరి దగ్గరుందో కూడా తెలియదు.

హోస్టింగ్ కంపెనీల బాధ్యత ఇంకా పెద్దది. సీనేమ్ తమవైపు చూపిస్తోంది కదా అని అడిగినవాళ్లకల్లా ఆ పేరు తగిలించేయడం తప్పు. బ్లాగర్ అడిగే రెండో సీనేమ్ సరిగ్గా ఇందుకే. ఆ వింత అక్షరాలు అకౌంట్‌ను బట్టి మారతాయి కాబట్టి పాత రికార్డు ఉన్నంత మాత్రాన కొత్త మనిషి ఆ పేరును తన బ్లాగుకు కలుపుకోలేడు. మైక్రోసాఫ్ట్ అజ్యూర్ యాప్ సర్వీస్ ఒక టీఎక్స్‌టీ రికార్డుతో ఇదే పని చేస్తుంది, గిట్‌హబ్‌లో డొమైన్‌ను ముందే వెరిఫై చేసుకుంటే ఇతరులు దాన్ని తమ పేజీలకు పెట్టుకోలేరు. గిట్‌హబ్ విషయంలో అది ఐచ్ఛికం, చేయనివాళ్లు ఎందరో. అజ్యూర్ డీఎన్ఎస్‌లో అలియాస్ రికార్డు పెడితే దాని వెనక ఉన్న సేవను తొలగించగానే రికార్డు ఖాళీ అయిపోతుంది, ఇది అందరూ చేయాల్సిన పని. నక్షత్రం గుర్తుతో పెట్టే వైల్డ్‌కార్డ్ సీనేమ్ మాత్రం ఇలాంటి సేవలకు అసలు పెట్టకూడదు. మీరు వాడని, ఊహించని పేర్లన్నీ కూడా ఒకేసారి అవతలివాళ్లకు రాసిచ్చినట్టవుతుంది, గిట్‌హబ్ కూడా దీన్ని వద్దనే చెబుతుంది.

మర్చిపోవడం వల్ల కాకుండా తెలిసే చేసే ఇంకో వాడకం ఉంది, దాన్నీ చెప్పుకోవాలి. ప్రకటనల కోసం జనాన్ని వెంటాడే కంపెనీల కుకీలను బ్రౌజర్లు అడ్డుకోవడం మొదలుపెట్టాక, ఆ కంపెనీలు సైటు యజమానులతో తమ సర్వర్‌కు ఒక సబ్‌డొమైన్ సీనేమ్ పెట్టించడం మొదలుపెట్టాయి. బ్రౌజర్‌కు అది సైటు సొంత పేరులా కనపడుతుంది కాబట్టి వదిలేస్తుంది. ఫ్రెంచి పత్రిక లిబరాసియోన్ సైటులో ఇలాంటిది 2019లో బయటపడి పెద్ద చర్చ అయింది. దాని మీద ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే యాడ్ బ్లాకర్ సీనేమ్ వెనక ఉన్న అసలు పేరును వెలికితీసి ఆపడం నేర్చుకుంది, యాపిల్ సఫారీ అలాంటి కుకీల ఆయుష్షును 7 రోజులకు కుదించింది. పాఠకులకు తెలియకుండా ఇలా చేయడం మోసమే. పైగా సైటు యజమాని కూడా ఇక్కడ సొంత గొయ్యి తవ్వుకుంటున్నాడు, పైన చెప్పిన కుకీల సంగతి దీనికీ వర్తిస్తుంది, డొమైన్ మొత్తానికి పెట్టిన లాగిన్ కుకీ ఆ ప్రకటనల కంపెనీ సర్వర్‌కు కూడా వెళుతుంది.

అదే బాణం గుర్తును భద్రత పెంచడానికి కూడా వాడొచ్చు. వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ (సబ్‌డొమైన్లన్నిటికీ కలిపి ఒకటే) కోసం లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒక ప్రత్యేకమైన పేరు మీద టీఎక్స్‌టీ రికార్డు పెట్టమంటుంది, రెన్యూవల్ చేసిన ప్రతిసారీ పెట్టాలి. ఆ పని ఆటోమేటిక్‌గా జరగాలని డీఎన్ఎస్ మొత్తాన్ని మార్చగల తాళంచెవిని వెబ్ సర్వర్‌లో పెట్టేస్తారు, ఆ సర్వర్ చెడ్డవాళ్ల చేతికి చిక్కితే మెయిల్‌తో సహా అంతా పోతుంది. దానికి బదులు ఆ ఒక్క పేరును ఇంకో చిన్న జోన్‌కు సీనేమ్ పెట్టి, ఆ చిన్న జోన్ తాళం మాత్రమే సర్వర్‌కు ఇస్తే పోయేది అంతవరకే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఆ సీనేమ్ వెంట వెళ్లి చూస్తుంది.

ఇక ఇప్పటికే ఉన్న రికార్డుల సంగతి. డిగ్ లేదా ఎన్ఎస్‌లుకప్ కమాండ్‌తో ఒక్కో సీనేమ్ చివరికి ఎక్కడ తేలుతోందో చూడొచ్చు. చివరి పేరే లేదన్న జవాబు వస్తే ఆ రికార్డును ఆ నిమిషమే తీసేయాలి. కానీ జవాబు వచ్చినంత మాత్రాన క్షేమం కాదు, గిట్‌హబ్ పేజెస్ లాంటి చోట్ల ఏ పేరు అడిగినా అడ్రసు వస్తూనే ఉంటుంది, కాబట్టి పేజీ తెరిచి "ఇక్కడ సైటేమీ లేదు" అనే రకం సందేశం వస్తోందేమో కంటితో చూడాలి. సీనేమ్ చూపించే డొమైన్ ఇంకా ఆ కంపెనీ పేరు మీదే ఉందా, రెన్యూవల్ ఎప్పటిదాకా ఉంది అన్నది హూయీజ్ అనే డొమైన్ వివరాల సేవలో చూసుకోవాలి. ఎంఎస్ఎన్ విషయంలో తప్పిపోయింది అదే. ప్రతి రికార్డు పక్కన అది ఎందుకు పెట్టామో, ఎవరిని అడగాలో ఒక ముక్క రాసిపెట్టుకుంటే తర్వాత వచ్చినవాళ్లు భయపడకుండా తీసేయగలరు. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి ప్యానెళ్లలో దానికి కామెంట్ గడి కూడా ఉంది. లేనిచోట ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. డొమైన్ రెన్యూవల్ డబ్బు కట్టే రోజు ఎలాగూ ఏడాదికోసారి వస్తుంది, ఆ రోజే ఈ పట్టిక తెరిచి ఒక్కో లైనూ చూసుకోవచ్చు, చిన్న సైటుకు అరగంట పని.